లాఠీ యెవరిది? ఆజ్ఞ యెవరిది?

భాషాసంఘము నడుపు వారపత్రికలో పోలీసు హింసల ప్రసక్తి యేల యని మన సభ్యులలో కొందరు ప్రశ్నింపవచ్చును. పిల్లలకు తెలుగు వాచకములు, గ్రంథాలయము, పండుగలు, ఇవి గదా మన పని యని వారి తలంపు. ఆ పనులను మేము తక్కువ చేయుట లేదు. కాని పరభాషా ప్రాంతమున తరతరములుగా నివసించు కుటుంబములకు మాతృభాష వలని ప్రయోజనము పద్యపఠనముతో ముగియదు. తనపై మోపబడిన నేరమేమో తనకు తెలిసిన భాషలో వినుట, తనకు జరిగిన బాధను తన మాటలలో న్యాయాధికారికి విన్నవించుకొనుట, ఇవియు భాషాహక్కులే. హరికిషన్ అను నిర్బంధితునకు నిర్బంధ కారణములను ఇంగ్లీషులో మాత్రమే ఇచ్చి, హిందీలో ఇమ్మని ఆయన కోరినను అధికారులు నిరాకరించిరి. ఆ నిర్బంధము చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

కనుక పోలీసు స్టేషను తలుపు మూసిన తరువాత లోపల ఏమి జరుగుచున్నదో అడుగుట మన సంఘధర్మమునకు వెలుపలిది కాదు. దామంజోడిలోను, కొరాపుట్టులోను, రాయగడలోను ఉన్న మనకు ఓటు ఒడిశాలో నున్నది. బంధువులు, చదువు పత్రికలు, అభిమాన నాయకులు ఆంధ్రలో నున్నారు. రెండు ప్రభుత్వముల నడవడియు మనకు తెలియును. రెంటిని చూచి మేము చెప్పదలచినది ఒక్కటే. నిర్బంధములో నున్న మనిషిని కొట్టినప్పుడు లాఠీ పట్టిన చేతిని మాత్రమే పట్టుకొని, ఆ చేతిని కదలించిన నోటిని, తెలిసియు మూసికొన్న కంటిని విడిచిపెట్టు చట్టము ప్రజాస్వామ్యమునకు తగినది కాదు.

ఈ విడిచిపెట్టుట నేడు పుట్టినది కాదు. గాజుల లక్ష్మీనరసు శెట్టి యను తెలుగు వర్తకుడు 1844 నుండి చెన్నపట్టణమున 'క్రెసెంటు' పత్రికను నడిపెను. 1852లో మద్రాసు దేశీయ సంఘమును నెలకొల్పెను. శిస్తు వసూలు పేరిట రైతులను పెట్టు చిత్రహింసలు ఆ సంఘము పోరాడిన విషయములలో ముఖ్యమైనవి. 1853లో చెన్నపట్టణము వచ్చిన బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు ఆ మొరలను విని, 1854లో కామన్సు సభలో వాటిని లేవనెత్తెను. విచారణసంఘము ఏర్పడినది, 1855లో దాని నివేదిక వెలువడినది. జయపురము జమీ ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు మన కొరాపుట్టు ప్రాంతము మద్రాసు రాజధానిలోనిదే. కనుక ఇది పరుల చరిత్ర కాదు, మనది.

ఆ నివేదిక చిత్రహింస ఉన్నదని ఒప్పుకొన్నది. అవయవములను చెక్కల నడుమ బెట్టి నొక్కు కిట్టి, మెడను కాళ్లకు వంచి కట్టుట, వీపున బండనెత్తి ఎండలో నిలుపుట, అన్నమునకు నిద్రకు పోనీయకుండుట, ఇట్టివి అందు నమోదైనవి. కాని నింద యెవరిపై మోపబడినది? క్రింది దేశీయోద్యోగులపైన. ప్రజల మొర స్వజాతి నౌకరుల క్రూరత్వమును గూర్చియే గాని దొరల ఉపేక్షను గూర్చి కాదని సంఘమువారు తేల్చిరి. శిస్తు తగ్గరాదని పైనుండి ఒత్తిడి చేసినది దొర. శిస్తు ఖజానాకు చేరినప్పుడు కీర్తి దొరది. రైతు వ్రేలు నలిగినప్పుడు పాపము మాత్రము బంట్రోతుది! ఈ లెక్క వ్రాసి 170 ఏండ్లు గడచినవి. దొరలు పోయిరి, కుంపిణీ పోయినది, రాజ్యాంగము వచ్చినది. చిట్టా మాత్రము మారలేదు.

మారలేదనుటకు మన ఒడిశాలోనే నిదర్శనము కలదు. 1987 డిసెంబరు 1న సుందరగఢ్ జిల్లా జెరైకెలా ఔట్‌పోస్టు పోలీసులు సుమన్ బెహరా అను 22 ఏండ్ల యువకుని దొంగతనపు విచారణకని తీసికొనిపోయిరి. మరునాడు అతని శవము రైలు పట్టాలపై దొరకెను. కట్టిన త్రాటిని పండ్లతో కొరికి పారిపోయి రైలుక్రింద పడెనని ప్రభుత్వపక్షము వాదించెను. తల్లి నీలావతి బెహరా 1988లో సుప్రీంకోర్టునకు ఉత్తరము వ్రాసెను. కోర్టు ఆ ఉత్తరమునే రిట్ అర్జీగా స్వీకరించెను. 1993 మార్చి 24న వెలువడిన తీర్పు ఇది: త్రాడు కొరికిన కథ నమ్మదగినది కాదు, ఇది నిర్బంధ మరణమే, ప్రభుత్వము ఆ తల్లికి 1,50,000 రూపాయలు చెల్లింపవలెను, ప్రాథమికహక్కుల భంగము జరిగినచోట సార్వభౌమాధికారమను కవచము రాజ్యమును కాపాడదు.

ఈ తీర్పు మహత్తరమైనది. దేశమంతట నిర్బంధ మరణముల కేసులలో నేటికిని దీనిని ఉదాహరించుచున్నారు. ఒక నిరుపేద తల్లి ఉత్తరము రాజ్యమును బోనులో నిలిపినందుకు ఒడిశావాసులమైన మనము గర్వింపవలసినదే. కాని ఆ సొమ్ము ఎవరిదో ఆలోచింపుడు. ఖజానాది. ఖజానా ఎవరిది? అగ్గిపెట్టె కొన్న ప్రతి పేదరాలిది. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి ఆమె వంటి తల్లులే పరిహారము చెల్లించిరన్నమాట. పోలీసుశాఖను ఏలిన ఏ మంత్రియు ఆనాడు బోనెక్కలేదు. రాజ్యము దోషియని తేలినది. రాజ్యమును నడపినవారికి మాత్రము దోషము అంటలేదు.

మంత్రి భువనేశ్వరమున కూర్చుండును, మారుమూల స్టేషనులో జరుగునది ఆయనకెట్లు తెలియునని కొందరందురు. సరే, భువనేశ్వరమునే చూతము. ప్రతి పోలీసు స్టేషనునందును కెమెరాలు అమర్చవలెనని 2020 డిసెంబరు 2న పరమవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2024 సెప్టెంబరు 15 తెల్లవారుజామున భువనేశ్వరములోని భరత్‌పూర్ స్టేషనునకు ఫిర్యాదు చేయబోయిన సైనికాధికారియు, ఆయనకు కాబోవు భార్యయు తమను అచ్చటనే హింసించిరని ఆరోపించిరి. అయిదుగురు పోలీసులు సస్పెండయిరి. న్యాయవిచారణ సంఘము నియమింపబడినది. ఆ స్టేషనులో కెమెరాలు లేవన్న సంగతి అప్పుడు బయటపడినది. కెమెరా కొనుట కానిస్టేబులు పనియా? బడ్జెటు మంత్రివర్గముది, సుప్రీంకోర్టు ఆదేశము చేరినది ప్రభుత్వమునకు. నడుమ ప్రభుత్వము మారినది, ఉపేక్ష మారలేదు. రాజధానీ నగరమున, కోర్టు చెప్పిన పని మూడేండ్లు దాటినను చేయని వారికి ఏ సస్పెన్షనును లేదు. ఇది తెలియకపోవుట కాదు, తెలిసికొనకుండ నుండుట.

ఇక సరిహద్దు దాటి ఆంధ్రమన్యమును చూతము. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యములోని వాకపల్లిలో గ్రేహౌండ్సు పోలీసులు తమపై అత్యాచారము చేసిరని 11 మంది కోదు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. మన కొండలలోని కోదులు, ఆ కోదులు ఒకే జాతివారు. కేసు హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు ఎక్కి దిగి, సాక్షుల విచారణ మొదలగుసరికే పదేండ్లు దాటినవి. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టినది. దర్యాప్తు లోపములను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారము ఇవ్వవలెననియు అదే తీర్పులో చెప్పినది. దర్యాప్తు చెడినది గనుక నిందితులు విడుదలైరి. బాగున్నది. మరి ఆ దర్యాప్తు ఎవరి శాఖది? ఈ 16 ఏండ్లలో ఆ శాఖను ఏలిన ముఖ్యమంత్రులు, హోంమంత్రులు ఎందరో, ఏ ఏ పార్టీలవారో మన పాఠకులకు తెలియును. వారిలో ఒక్కరినైనను ఏ న్యాయస్థానమును సంజాయిషీ అడుగలేదు.

ఆంధ్రలోనే ఇందుకు భిన్నముగా కనిపించు ఉదంతము ఒకటి కలదు. 2021 మే 14న నరసాపురము లోక్‌సభ సభ్యుడు రఘురామకృష్ణరాజును రాజద్రోహ ఆరోపణపై రాష్ట్ర సి.ఐ.డి. పోలీసులు అరెస్టు చేసిరి. నిర్బంధములో తనను కొట్టిరని ఆయన ఆరోపించెను. సుప్రీంకోర్టు ఆయనను సికింద్రాబాదు సైనిక వైద్యశాలలో పరీక్ష చేయించి, మే 21న బెయిలు ఇచ్చెను. కాలివ్రేలి యెముక విరిగినట్లు ఆ వైద్యుల నివేదికలో నున్నది. మూడేండ్ల తరువాత, 2024 జూలైలో, ఆయన ఫిర్యాదుపై గుంటూరు నగరంపాలెం స్టేషనులో కేసు నమోదైనది. నిందితులుగా పేర్కొనబడినవారిలో సి.ఐ.డి. మాజీ అధిపతియు, మాజీ ముఖ్యమంత్రి వై. ఎస్. జగన్మోహన రెడ్డియు ఉన్నారు. ఇది కక్షసాధింపని వారి పక్షము ఖండించినది. నేరము ఋజువగువరకు ఎవరైనను నిర్దోషులే. తీర్పు చెప్పుట న్యాయస్థానముల పని, మాది కాదు.

కాని ఒక ప్రశ్న అడుగక తప్పదు. 2021లో దెబ్బ తగిలినదని ఫిర్యాదు వచ్చినప్పుడు, 2024 జూలై వరకు ఆ కేసు ఏల నమోదు కాలేదు? 2024 జూన్‌లో ప్రభుత్వము మారినది గనుక. ప్రభుత్వము మారకున్నచో? ఎఫ్.ఐ.ఆర్. పుట్టెడిది కాదు. పోనీ, క్రొత్త ప్రభుత్వమున ఈ బాధ తీరినదా? 2024 నవంబరునాటికి ప్రతిపక్షపు సామాజిక మాధ్యమ కార్యకర్తల నిర్బంధములపై అదే హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీలు పడినవి. పాత్రధారులు మారిరి, నాటకము మారలేదు. ఎన్నికలలో ఓడినవానికి మాత్రమే వర్తించు బాధ్యత న్యాయము కాదు, పాచిక. పాచిక ఎటు పడిన అటు కేసు. చట్టమనగా గెలిచినవాడు కుర్చీలో నుండగానే వాని తలుపు తట్టగలది. పార్లమెంటు సభ్యునికే మూడేండ్లు పట్టినచో, కొండమీది కోదు స్త్రీకి ఎన్ని ఎన్నికలు కావలెను?

పదవిలో నున్నవానిని న్యాయస్థానము తాకిన సందర్భము దక్షిణదేశమున ఒకటి కలదు. అత్యవసర పరిస్థితి కాలమున, 1976 మార్చి 1న, కేరళలో రాజన్ అను ఇంజనీరింగు విద్యార్థిని పోలీసులు కక్కయం శిబిరమునకు తీసికొనిపోయిరి. అతడు తిరిగి రాలేదు. తండ్రి టి. వి. ఈచర వారియర్ 1977లో హైకోర్టు తలుపు తట్టెను. ఆనాటి హోంమంత్రి కె. కరుణాకరన్ అప్పటికి ముఖ్యమంత్రియైయుండెను. రాజన్‌ను పోలీసులు పట్టుకొనలేదన్న ప్రభుత్వవాదమును హైకోర్టు నమ్మలేదు. 1977 ఏప్రిల్ 25న, పదవి స్వీకరించి నెల తిరిగినంతలో, ముఖ్యమంత్రి రాజీనామా చేసెను. ఒక తండ్రి పట్టుదల ఒక ముఖ్యమంత్రిని దించినది. అయినను శిక్ష ఏ మంత్రికిని పడలేదు. కరుణాకరన్ అనంతరకాలమున మరల ముఖ్యమంత్రియైరి. పదవి పోవుట రాజకీయపు జరిమానా. చట్టపు శిక్ష వేరు.

విదేశములలోనైనను ఇంతేనా? తనను ప్రజాస్వామ్యమునకు గురువుగా చెప్పుకొను అమెరికాలో 2002లో ప్రభుత్వ న్యాయవాదులే చిత్రహింసకు క్రొత్త నిర్వచనములు వ్రాసి అధికారులకు ధైర్యము చెప్పిరి. కొందరిని చిత్రహింస పెట్టితిమని 2014లో అధ్యక్షుడు ఒబామాయే ఒప్పుకొనెను. అనుమతి ఇచ్చిన నాయకులలో ఒక్కరును విచారణకు రాలేదు. పెరూ దేశము చిన్నది, పేదది. అచ్చటి న్యాయస్థానము వేరుదారి చూపినది. ప్రజల ఓట్లతో ఎన్నికైన మాజీ అధ్యక్షుడు ఫుజిమోరికి 2009 ఏప్రిల్ 7న 25 ఏండ్ల శిక్ష వేసెను. ఆయన తుపాకి పట్టలేదు. ఆయన ఏలిన యంత్రాంగము హత్యలు, అపహరణములు చేసినది గనుక, ఆ యంత్రమును నడపినవాడే కర్తయని న్యాయమూర్తులు చెప్పిరి. చేయదలచిన దేశమునకు మార్గము కలదు.

మన చట్టములో లోటేమి? నేరము ఒప్పించుటకై కొట్టుట పూర్వపు శిక్షాస్మృతి 330, 331 సెక్షనుల క్రింద నేరమే. నేటి భారతీయ న్యాయసంహిత 120వ సెక్షనులో అది నిలిచియున్నది. కొట్టుమని ప్రేరేపించినవాడును నేరస్థుడే. కాని ఏ నాయకుడు కొట్టుమని కాగితముపై వ్రాయును? కనుసైగకు సాక్ష్యమెక్కడ? కనుకనే ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒడంబడిక అధికారి చేసిన హింసనే గాక, అధికారి సమ్మతితోనో మౌనాంగీకారముతోనో జరిగిన హింసను గూడ చిత్రహింసగా నిర్వచించినది. యుద్ధమైనను, అత్యవసరమైనను మినహాయింపు లేదనియు, పైవాని ఆజ్ఞయన్నది క్రిందివానికి సాకు కాదనియు అందు కలదు. మన దేశము ఆ ఒడంబడికపై 1997 అక్టోబరు 14న సంతకము చేసినది, ధ్రువీకరింపలేదు. 2010 మే నెలలో చిత్రహింస నివారణ బిల్లును లోక్‌సభ ఆమోదించెను; అందును ఫిర్యాదునకు ఆరునెలల గడువు, విచారణకు ప్రభుత్వానుమతి యను సంకెళ్లుండెను. రాజ్యసభ దానిని సెలక్టు కమిటీకి పంపెను. చివరకు బిల్లు మురిగిపోయెను. 2017లో లా కమిషను తన 273వ నివేదికలో ఒడంబడికను ధ్రువీకరింపుమని, చట్టము చేయుమని ముసాయిదాతో సహా సూచించెను. చట్టము చేయుమని పార్లమెంటును ఆజ్ఞాపింపజాలమని 2019లో సుప్రీంకోర్టు చెప్పెను. సంతకము ఒక ప్రభుత్వము నాటిది, బిల్లు మరియొక ప్రభుత్వము నాటిది, నివేదిక ఇంకొక ప్రభుత్వము నాటిది. ఈ ఒక్క విషయమున మన పార్టీలన్నియు ఏకాభిప్రాయముతో నున్నవి!

ఇట్టి చట్టము వచ్చిన పోలీసుల ధైర్యము చెడునని కొందరి వాదము. నిజమునకు నేడు ధైర్యము చెడుచున్నది ఎవరిది? పైవాని సైగకు తలయొగ్గి, రేపు ప్రభుత్వము మారగానే ఒంటరిగా బోనెక్కు చిరుద్యోగిది. కొట్టుమన్నవాడును బోనులో ప్రక్కన నిలుచునని తెలిసిననాడు, 'వ్రాసి ఇండు, చేసెదను' అని ఆ ఉద్యోగి అడుగగలడు. ఎవడును వ్రాసి ఇయ్యడు. ఆ విధముగ సగము లాఠీలు లేవకయే ఆగును. దొంగలపై దయ యేల యనువారికి మా సమాధానము ఇంతే: దొంగ యెవడో తేల్చుటకే గదా న్యాయస్థానములున్నవి. ముందు కొట్టి తరువాత తేల్చు పద్ధతిలో త్రాడు కొరికిన కథలే మిగులును.

ప్రతి తప్పునకును మంత్రిని జైలునకు పంపుమని మేము కోరుట లేదు. మేము కోరునవి నాలుగు. ఒకటి, 1997 నాటి సంతకమును ప్రభుత్వము ధ్రువీకరింపవలెను. రెండు, చిత్రహింసకు ప్రత్యేక చట్టము చేసి, ఆజ్ఞ యిచ్చిన నాయకుని, తెలిసియు ఆపని నాయకుని, నివారింపుమని కోర్టు చెప్పినను ఉపేక్షించిన నాయకుని అందు నేరస్థులుగా పేర్కొనవలెను. మూడు, ఈ నేరమునకు ప్రభుత్వానుమతి అను అడ్డుగోడ ఉండరాదు. క్రొత్త నాగరిక సురక్షా సంహిత 218వ సెక్షను 120 దినములలో అనుమతి తేల్చకున్నచో ఇచ్చినట్లే భావింపవలెనన్నది, అది మేలే. కాని 119వ దినమున నిరాకరించుటకు ప్రభుత్వమునకు అడ్డేమి? నిందితుని యజమానినే అనుమతి యడుగుట దొంగ మామను తాళపుచెవి యడిగినట్లున్నది. నాలుగు, పరిహారము ఖజానా నుండి బాధితునకు వెంటనే చేరవలెను. ఆపై దోషులుగా తేలిన వారి నుండి, వారు ఎంత పెద్దవారైనను, దానిని రాబట్టవలెను.

చివరి మాట మన కుటుంబములకు. ఆంధ్రరాజకీయములను మనము దూరమునుండి చూచు అలవాటు గలవారము. మన అభిమాన నాయకుడు కుర్చీలో నున్నప్పుడు ఎదుటివానికి తగిలిన దెబ్బ మనకు ముచ్చటగా నుండును. కుర్చీ మారినప్పుడు మనవానికి తగిలిన దెబ్బ ప్రజాస్వామ్యముపై దెబ్బగా తోచును. ఈ రెండు నాలుకల మాట మన ఇండ్లలోనే మానవలెను. పార్టీని బట్టి బాధపడువాడు బాధితుని పక్షమున లేడు. ఒడిశాలో మనము కొద్దిమందిమి. కొద్దిమందికి గుంపుబలము లేదు, చట్టమే బలము. ఆ చట్టము మంత్రి గుమ్మమువద్ద ఆగిపోవునదైనచో, మన గుమ్మము దాటి వచ్చినప్పుడు దానికి వెరపుండదు.

కావున సభ్యులందరు పై నాలుగు కోరికలను తెలుగునను ఒడియాలోను వ్రాసి, మన శాసనసభ్యులకును కొరాపుట్టు పార్లమెంటు సభ్యునకును పంపవలెనని కోరుచున్నాము. ఆంధ్రలోని బంధువులు తమ ప్రతినిధులకు, వారే పార్టీవారైనను, ఇదే వ్రాయవలెను. ప్రతివాడు ముందుగా తాను ఓటు వేసినవానికే వ్రాయవలెను. 1852లో ఒక తెలుగువాని సంఘము సముద్రముల కావలనున్న పార్లమెంటునకు తన మొర వినిపింపగలిగినది. ఓటున్న మనకు మన పార్లమెంటు అంతకంటె దూరమా?